పప్పన్నం ఎప్పుడమ్మా? – ఒక సినిమా మీద మన మాటలు, మన సంఘంలోని పెళ్లికాని సహోదరీలు



ఈసారి ఒక సినిమా మీద మన మధ్య నడిచిన మాటల గురించి రాస్తున్నాను. సినిమా పేరు "మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి". 2023 సెప్టెంబరు 7న విడుదలైంది. అనుష్క శెట్టి, నవీన్ పోలిశెట్టి నటించారు. పి. మహేష్ బాబు అనే దర్శకుడు తీశాడు. మనవాళ్లలో థియేటరుకు వెళ్లి చూసినవారు తక్కువే. నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక, ముక్కలు ముక్కలుగా ఫోన్లలో తిరగడం మొదలయ్యాక చాలామంది చూశారు. ఆరాధన ముగిశాక చెట్టు కింద, స్త్రీల కూడికకు ముందు, యవ్వనస్థుల మధ్య దీని మీద వాదనలు నేను విన్నాను. కొందరు నన్నే అడిగారు: "అయ్యగారూ, ఆ అమ్మాయి చేసింది తప్పా, ఒప్పా?"

పాస్టరుకు సినిమాలతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చూడండి. పౌలు ఏథెన్సు పట్టణంలో తిరిగి అక్కడి బలిపీఠం మీద రాసినది చదివాడు. ఆ ప్రజల కవులు ఏమన్నారో తెలుసుకుని, అక్కడి నుంచి సువార్తకు దారి తీశాడు. మన పిల్లలు చేతుల్లో పట్టుకుని చూస్తున్నదాని గురించి మనం మాట్లాడకపోతే ఇంకెవరో మాట్లాడతారు. సినిమాకు వెళ్లండి అని నేను చెప్పడం లేదు. సమీక్ష కూడా రాయడం లేదు. ఆ సినిమా చూసి మనం అన్న మాటలను వాక్యం వెలుగులో పెట్టి చూద్దాం అంటున్నాను. ఎందుకంటే ఆ మాటలు అంటున్నప్పుడు మన పక్కనే అదే చాప మీద కూర్చుని ఏమీ మాట్లాడని సహోదరీలు ఉన్నారు. ఒకరికి ముప్ఫై దాటింది, ఒకరికి నలభై దాటింది. పెళ్లి కాలేదు.

కథ క్లుప్తంగా

చూడనివారి కోసం కథ చెబుతాను. అన్విత అనే స్త్రీ లండన్‌లో పేరున్న షెఫ్. పెళ్లి మీద ఆమెకు నమ్మకం లేదు. తండ్రి లేకుండా తల్లే కష్టపడి పెంచింది, తల్లి పడిన బాధ ఆమె కళ్లారా చూసింది. ఆ తల్లికి నయం కాని జబ్బు చేస్తుంది. చివరి రోజులు స్వదేశంలో గడపాలని కోరుకుంటే ఇద్దరూ హైదరాబాద్ వస్తారు. తల్లి చనిపోతుంది. ఇక తనకంటూ ఎవరూ లేరన్న భయం అన్వితను పట్టుకుంటుంది. పెళ్లి వద్దు గానీ బిడ్డ కావాలి అనుకుంటుంది. వీర్యదాత సహాయంతో తల్లి కావాలని నిశ్చయించుకుని, తగిన దాత కోసం తానే వెతుకుతుంది. అలా సిద్ధు అనే కుర్రవాడు ఎదురవుతాడు. అతడు వేదిక మీద జోకులు చెప్పి జనాన్ని నవ్వించేవాడు. ఆమె అడిగే ప్రశ్నలన్నీ ప్రేమ అనుకుని అతడు మనసు పారేసుకుంటాడు. అసలు సంగతి తెలిశాక హతాశుడవుతాడు. నవ్వంతా ఆ పొరపాటు చుట్టూనే నడుస్తుంది. చివరికి ప్రేమ గెలిచినట్టు కథ ముగుస్తుంది.

మనవాళ్లు ఏమన్నారు?

నేను విన్నవాటిలో మూడు రకాల అభిప్రాయాలు ఉన్నాయి.

మొదటిది పెద్దలది. "పెళ్లి లేకుండా బిడ్డేమిటి? ఇలాంటివి చూసే మన ఆడపిల్లలు పాడైపోతున్నారు. చదువు ఎక్కువై, డబ్బు చేతికొస్తే ఇలాగే ఉంటుంది. ఏ వయసులో జరగాల్సిన ముచ్చట ఆ వయసులో జరిగిపోవాలి."

రెండవది యవ్వనస్థులది. ముఖ్యంగా పట్నంలో చదువుకుని ఉద్యోగాలు చేస్తూ పండక్కి ఊరొచ్చేవారిది. "ఆమె జీవితం ఆమె ఇష్టం. సొంతంగా సంపాదించుకుంటోంది. మధ్యలో మీకెందుకు?"

మూడవది తల్లులది. వీరు పెద్దగా వాదించలేదు. "పాపం, తల్లి పోయేసరికి ఒంటరిదైపోయింది. పోన్లే, చివరికి ఒక తోడు దొరికింది" అన్నారు.

ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది. బిడ్డకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండాలనే పెద్దల ఆలోచన వాక్యానుసారమైనదే. ఎదిగిన స్త్రీని చిన్నపిల్లలా చూడకూడదనే యవ్వనస్థుల మాటలోనూ న్యాయం ఉంది. తల్లుల జాలి మంచి మనసు నుంచి వచ్చిందే.

కానీ ప్రియులారా, ఒక్క సంగతి గమనించారా? "పెళ్లి చేసుకోవాల్సిందే" అని పట్టుబట్టినవారు, "ఆమె ఇష్టం" అని వదిలేసినవారు, పైకి కొట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు. మాట అయిపోయాక ఇద్దరూ ఎవరి ఇంటికి వారు వెళ్లిపోతారు. ఆ స్త్రీ తన ఇంటికి ఒంటరిగా వెళుతుంది. పెళ్లయ్యేదాకా నీకు మా మధ్య పూర్తి స్థానం లేదని మొదటివారు చెబుతున్నారు. నీ బ్రతుకు నీదే, నీ కష్టమూ నీదే అని రెండవవారు చెబుతున్నారు. ఆమె రాత్రి అన్నం ఎవరితో తింటుంది, జ్వరం వస్తే మాత్ర ఎవరు తెచ్చిస్తారు, తల్లి పోయిన తరువాత వచ్చే మొదటి క్రిస్మస్ ఎక్కడ గడుపుతుంది అని ఇటువారూ అడగలేదు, అటువారూ అడగలేదు.

ఈ సినిమాలో నన్ను ఆలోచింపజేసింది బిడ్డ విషయం కన్నా ముందు జరిగిన సంగతి. అన్విత ఆ నిర్ణయానికి వచ్చింది తల్లి పోయాక. చదువు ఎక్కువై కాదు, డబ్బు ఎక్కువై కాదు. తనవాళ్లంటూ ఎవరూ లేక. ఆ భయం మన ఊళ్లలోనూ ఉంది.

మన మధ్య ఎందుకు పెళ్లి కాలేదు?

పెళ్లి కాని స్త్రీ అనగానే పట్నంలో పెద్ద ఉద్యోగం చేసుకునే అమ్మాయి అనుకుంటాం. 2011 జనాభా లెక్కలలో పెళ్లికానివారు, విధవరాండ్రు, భర్త నుంచి విడిపోయినవారు అందరూ కలిపి మన దేశంలో ఒంటరి స్త్రీలు ఏడు కోట్లకు పైగా ఉన్నారని తేలింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది, తరువాత దాన్ని పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఒంటరి మహిళలకు పింఛను ఉంది. ప్రభుత్వం వీరికి ఒక పేరు పెట్టి, లెక్క రాసి, చేతిలో ఎంతో కొంత పెడుతోంది. మన సంఘపు పుస్తకంలో కుటుంబాల పేర్లు ఉంటాయి, ఇంటి యజమాని పేరుతో. వీరి పేరు ఎక్కడ ఉంటుంది? తండ్రి ఉన్నంతకాలం తండ్రి కింద, ఆ తరువాత తమ్ముడి కింద.

మన పల్లెల్లో పెళ్లి కాని సహోదరీల కథలు మీకు తెలియనివి కావు. తండ్రి తాగి అప్పులు చేసి పోతే, పెద్దపిల్ల కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో పని చేసి తమ్ముళ్లను చదివిస్తుంది, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేస్తుంది. తిరిగొచ్చేసరికి వయసైపోయిందంటారు. ఒకామె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సంబంధాలు వచ్చాయి, ప్రతి సంబంధం కట్నం దగ్గర ఆగిపోయింది. మారుమనస్సు పొందాం, బాప్తిస్మం తీసుకున్నాం అని చెప్పుకునే ఇళ్లలోనే "మాకేం వద్దండీ, అబ్బాయికి బండి, అమ్మాయికి పెట్టుకునే బంగారం" అని మొదలవుతుంది. కట్నం అనే మాట వాడరు, లాంఛనాలు అంటారు. మరొకచోట వరుడు విశ్వాసే, మంచివాడే, కానీ కులం వేరని పెద్దలు ఒప్పుకోలేదు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తాం, సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతాం. ఇంకొకామె పక్షవాతం వచ్చిన తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది. ఇంకొకామె, అన్విత లాగే, తల్లి తిన్న దెబ్బలు చూసి పెరిగి పెళ్లంటేనే భయపడింది.

వీరిలో ఎవరికీ చదువు పొగరు లేదు. కొందరికి పెళ్లి కాకపోవడానికి మన కట్నాలు, మన కులాలు, మన తాగుడు కారణం. అలాంటప్పుడు ఆరాధన నుంచి బయటకు వస్తూనే "ఏమ్మా, పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అని నవ్వుతూ అడుగుతామే, ఆ నవ్వు ఆమెకు ఎక్కడ తగులుతుందో ఆలోచించారా? అడిగేవారికి అది వారానికొక మాట. ఆమెకు అదే ప్రశ్న పదిమంది నుంచి, పదేళ్లుగా.

హన్నా పెదవులు, ఏలీ చూపు

1 సమూయేలు మొదటి అధ్యాయం మనం ఎన్నోసార్లు చదివాం. సాధారణంగా హన్నా ప్రార్థన గురించి, సమూయేలును దేవునికి ఇవ్వడం గురించి ప్రసంగిస్తాం. ఈసారి హన్నా చుట్టూ ఉన్నవారి మాటలు చూడండి.

పెనిన్నాకు పిల్లలున్నారు. పిల్లలు లేని హన్నాను ఏటేటా దేవుని మందిరానికి వెళ్లే సమయంలోనే సూటిపోటి మాటలతో ఏడిపించేది. భర్త ఎల్కానా మంచివాడే, హన్నాను ప్రేమించాడు. కానీ పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కాదా అని అడిగాడు. ఆమె బాధ ఏమిటో వినకుండానే ఓదార్చబోయాడు. యాజకుడైన ఏలీ మందిరపు గుమ్మం దగ్గర కూర్చుని చూస్తున్నాడు. ఆమె పెదవులు మాత్రమే కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. తాగి వచ్చిందనుకుని మందలించాడు.

ఒకరు ఎత్తిపొడిచారు. ఒకరు బాధను తేలిక చేశారు. ఒకరు దూరం నుంచి చూసి తీర్పు తీర్చారు. ముగ్గురూ చెడ్డవారు కాకపోవచ్చు. ముగ్గురిలో ఎవరూ ముందుగా ఆమె మనసులోని మాట ఓపికగా వినలేదు.

అయితే ఏలీలో ఒక మంచి గుణం ఉంది. హన్నా మర్యాదగా తన దుఃఖం చెప్పుకున్నప్పుడు విన్నాడు. తన మొదటి మాటను పట్టుకుని కూర్చోలేదు. ఆమెను సమాధానంతో పంపాడు, దేవుడు నీ మనవి ఆలకించును గాక అని దీవించాడు. హన్నా ముఖంలో దుఃఖం పోయింది ఎప్పుడో గమనించండి. సమూయేలు పుట్టాక కాదు. ఇంకా గర్భం కూడా రాకముందే, దేవుని దగ్గర మనసు విప్పి, దేవుని సేవకుడి నోట దీవెన విన్న ఆ రోజే ఆమె వెళ్లి భోజనం చేసింది. ఒక్క మనిషి వినడం వల్ల అంత జరిగింది.

బిడ్డ కావాలనే కోరికను దేవుడు ఎక్కడా ఎగతాళి చేయలేదు. మనమూ చేయకూడదు.

వాక్యం ఏమంటోంది?

నరుడు ఒంటరిగా ఉండడం మంచిది కాదని ఆదికాండము 2:18లో దేవుడు చెప్పాడు. ఈ వాక్యాన్ని మనం పెళ్లిళ్లలో చదువుతాం, పెళ్లికానివారి మీద కూడా ప్రయోగిస్తాం. వివాహం దేవుడు ఏర్పరచినదే, పరిశుద్ధమైనదే. దాని గౌరవాన్ని నేను ఏ మాత్రం తగ్గించను. కానీ ఒంటరితనానికి దేవుని దగ్గర ఉన్న జవాబు వివాహం ఒక్కటే అయితే, మిగతా బైబిలును ఏం చేద్దాం?

మన ప్రభువు పెళ్లి చేసుకోలేదు. ఆయనలో ఏదో కొరత ఉందని మనలో ఎవరైనా అంటామా? పౌలు 1 కొరింథీయులకు 7వ అధ్యాయంలో పెళ్లి కాని స్థితిని ఒక వరంగా చెప్పాడు. పెళ్లి కాని స్త్రీ ప్రభువు పనుల మీద మనసు పెట్టగలదని రాశాడు. అపొస్తలుల కార్యములు 21:9లో సువార్తికుడైన ఫిలిప్పుకు పెళ్లికాని కుమార్తెలు నలుగురు ఉన్నారు. మన ఊళ్లో అయితే "నలుగురు ఆడపిల్లలు, గుండెల మీద నాలుగు కుంపట్లు" అనేవారు. లూకా మాత్రం వారు ప్రవచించేవారని రాశాడు. లూకా రెండవ అధ్యాయంలోని అన్న, ఏడేళ్లే కాపురం చేసి విధవరాలై, ముసలితనం వరకు దేవాలయంలోనే గడిపింది. బాలయేసును గుర్తుపట్టి చుట్టూ ఉన్నవారికి చెప్పిన మొదటివారిలో ఆమె ఒకరు.

ఇక సిలువ దగ్గరకు రండి. యోహాను 19:26-27. ప్రాణం పోతున్న సమయంలో ప్రభువు తన తల్లిని చూశాడు. ప్రియ శిష్యుణ్ణి చూశాడు. ఆమెను అతనికి తల్లిగా, అతణ్ణి ఆమెకు కుమారుడిగా అప్పగించాడు. ఆ గడియ నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. రక్తసంబంధం లేని ఇద్దరిని సిలువ ఒక ఇంటివారిని చేసింది. సినిమాలో కన్నుమూసే తల్లికి ఉన్న దిగులు, నా తరువాత నా బిడ్డకు ఎవరు అన్నది. మన సంఘంలో ప్రతి ముసలి తల్లికీ అదే దిగులు. "అయ్యగారూ, నేను పోతే దీనికి ఎవరున్నారు?" అని నన్ను అడిగిన తల్లులు ఉన్నారు. ఆ ప్రశ్నకు ప్రభువు సిలువ మీద ఇచ్చిన జవాబు ఒక ఇల్లు. యోహాను ఇల్లు.

మార్కు 10:29-30లో తన నిమిత్తం ఇల్లూ వాకిలీ, అయినవారినీ విడిచినవారికి ఇండ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తల్లులు నూరంతలుగా ఈ లోకంలోనే దొరుకుతారని ప్రభువు మాట ఇచ్చాడు. ఆ ఇండ్లు ఆకాశం నుంచి దిగిరావు. అవి మీ ఇండ్లే. విశ్వాసి కాని వరుడు వద్దని, ప్రభువు కోసం నిలబడి, పెళ్లి లేకుండా మిగిలిపోయిన సహోదరి మన మధ్య ఉంటే, ఆమెకు ప్రభువు ఇచ్చిన మాటను నెరవేర్చాల్సిన చేతులు మనవి.

గుంటూరులో ఒక డాక్టరమ్మ

మన తెలుగు నేలకే వద్దాం. 1883లో అమెరికా నుంచి అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరు లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చింది. అప్పటికి ఆమె వయసు 27. పెళ్లి కాలేదు, ఆ తరువాతా చేసుకోలేదు. మగ వైద్యుడికి చూపించుకోలేక ఇళ్లలోనే ప్రాణాలు వదిలే తల్లుల మధ్య ఆమె పని చేసింది. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువు నొద్దకు చేరింది. కుగ్లర్ ఆసుపత్రి అంటే ఆ ప్రాంతంలో ఇప్పటికీ తెలుసు. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలను, ఆ పిల్లల పిల్లలను లెక్కపెట్టగలమా?

తమిళనాడులో దోహ్నావూరులో ఏమీ కార్మైకేల్ కూడా పెళ్లి చేసుకోలేదు. ఆపదలో ఉన్న ఎందరో ఆడపిల్లలను చేరదీసింది, ఆ పిల్లలు ఆమెను అమ్మా అని పిలిచారు. 1951లో చనిపోయేవరకు ఆమె అక్కడే ఉంది.

మన తాతముత్తాతలకు సువార్త చెప్పినవారిలో, మన అమ్మమ్మలకు అక్షరాలు నేర్పినవారిలో పెళ్లికాని స్త్రీలు ఎందరో ఉన్నారు. వారిని మిస్సమ్మ గారు అని చేతులెత్తి గౌరవించిన సంఘం, తన సొంత ఆడపిల్ల అదే స్థితిలో ఉంటే "పాపం" అంటోంది. ఇది నాకు అర్థం కాదు.

బిడ్డ సంగతి

ఇప్పుడు మీరు నన్ను అడిగిన ప్రశ్నకు వస్తాను. తప్పించుకోను.

పుట్టకముందే తండ్రి లేకుండా చేయాలని నిర్ణయించి బిడ్డను కనడం మంచి మార్గం అని నేను అనుకోను. తండ్రి చనిపోయి, లేదా వదిలేసి వెళ్లిపోయి, తల్లే పెంచిన పిల్లలు మన మధ్య చాలామంది ఉన్నారు. ఆ తల్లులకు నా నమస్కారం. వారు మోసినది వారు కోరుకున్నది కాదు. కావాలని ఆ లోటును ఒక బిడ్డకు ఇవ్వడం వేరు. నా ఒంటరితనం తీరడానికి ఒక బిడ్డ అనుకున్నప్పుడు, ఆ బిడ్డ చిన్న భుజాల మీద పెద్ద భారం పెడుతున్నాం. బిడ్డ తల్లి ఖాళీని నింపడానికి పుట్టడు. దేవుడు అతనికి ఇచ్చిన బ్రతుకు బ్రతకడానికి పుడతాడు. ఈ మాట పెళ్లైనవారికీ వర్తిస్తుంది. ముసలితనంలో చూస్తాడని, వంశం నిలబెడతాడని, మొగుడు మారతాడని పిల్లలను కనేవారు మనలో లేరా?

సినిమాలో చూపించినట్టు దాతను ఎవరికి వారు వెతుక్కోవడం మన దేశంలో చట్టం చెప్పే పద్ధతి కూడా కాదు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం దాతలను చూసుకోవాల్సింది నమోదైన బ్యాంకులే, దాత ఎవరన్నది గోప్యంగా ఉంచాలి. 21 దాటి 50 లోపు ఉన్న స్త్రీకి, పెళ్లి కాకపోయినా, ఆ చికిత్సకు చట్టం అనుమతి ఇస్తుంది. చట్టం అనుమతించినదంతా విశ్వాసికి మేలుకరమని కాదు. కానీ అలా బిడ్డను కన్న తల్లి రేపు మన మందిరపు గుమ్మంలోకి వస్తే ఏం చేస్తాం? ఆ బిడ్డను ఎత్తుకుని ప్రభువు పేరిట దీవిస్తాం. బిడ్డ మీద గుసగుసలాడే నోరు ప్రభువు బల్ల దగ్గరికి రాకముందు ఆగి తనను తాను పరీక్షించుకోవాలి.

తల్లి కావాలనే కోరిక బలంగా ఉన్న సహోదరీలకు మరొక దారి ఉంది. మన దేశంలో పెళ్లి కాని స్త్రీ కూడా చట్టప్రకారం బిడ్డను దత్తత తీసుకోవచ్చు, ఆడబిడ్డనైనా, మగబిడ్డనైనా. కేంద్ర దత్తత సంస్థ అయిన కారా ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. తెలిసినవారి దగ్గర, ఆసుపత్రిలో మధ్యవర్తుల దగ్గర బిడ్డను తెచ్చుకోవడం నేరం. దత్తత వచ్చే బిడ్డకు ముందే ఒక లోటు ఉంది, మనం దాన్ని తీరుస్తున్నాం. తేడా అక్కడ ఉంది. అయితే ఒంటరి తల్లి ఒక్కతే ఆ బిడ్డను పెంచలేదు. సంఘంలో తాతయ్యలు, మామయ్యలు, పిన్నులు కావాలి. అక్కడ మళ్లీ మన దగ్గరికే వచ్చాం.

మనం ఏం చేద్దాం?

మార్కు రెండవ అధ్యాయంలో నలుగురు మనుషులు ఒక పక్షవాయువు గలవాణ్ణి మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ఎదుట దించారు. మన దగ్గర కూడా "నలుగురూ ఏమనుకుంటారో" అంటాం. అనుకునే నలుగురు ఎప్పుడూ ఉంటారు. మోసే నలుగురు కావాలి. నేను అడిగేవి పెద్ద పనులు కావు.

"పెళ్లెప్పుడు?" అనే ప్రశ్న మందిరపు ఆవరణలో మానేద్దాం. ఎవరికైనా మంచి సంబంధం తెలిస్తే ఆమె తల్లిదండ్రులతోనో, ఆమెతోనో విడిగా, మర్యాదగా చెప్పండి. పదిమందిలో వద్దు.

పెళ్లి కాని సహోదరి యవ్వనస్థుల కూడికలో వయసు దాటింది అనిపించుకుంటుంది, స్త్రీల కూడికకు వస్తే అక్కడ మాటలన్నీ భర్త, అత్త, పిల్లల చుట్టూ తిరుగుతాయి. రెంటికీ చెందక ఇంట్లో ఉండిపోతుంది. స్త్రీల కూడిక నడిపే అమ్మగార్లు వాక్యం చెప్పే బాధ్యత, పాటలు నడిపే బాధ్యత వీరికి కూడా ఇవ్వండి. ఫిలిప్పు కుమార్తెలను గుర్తు తెచ్చుకోండి.

క్రిస్మస్ నాడు, ఈస్టరు నాడు, గృహప్రార్థనల్లో, మీ ఇంటి భోజనానికి ఒంటరి సహోదరిని పిలవండి. ఒక్కసారి జాలిపడి పిలవడం కాదు. మీ పిల్లలు ఆమెను అత్తా, పిన్నీ అని వరుసతో పిలిచేదాకా పిలవండి. ఆమె ఇంటికి మీరూ వెళ్లి భోంచేయండి.

భూస్థాపన అయ్యాక, జ్ఞాపకార్థ కూడిక అయ్యాక అందరూ వెళ్లిపోతారు. తల్లిని పోగొట్టుకున్న ఒంటరి కూతురికి కష్టం అప్పుడే మొదలవుతుంది. తొలి సంవత్సరం అంతా వారానికి ఒక్కరైనా ఆ ఇంటి గడప తొక్కేలా సంఘపెద్దలు చూడాలి.

ఆస్తి విషయంలో ఒక మాట. ఇంటి కోసం జీవితమంతా కష్టపడిన ఆడపిల్లకు ఆ ఇంట్లో హక్కు రాసి ఇవ్వండి. తండ్రులారా, మీరు బ్రతికుండగానే ఆ పని చేయండి. తమ్ముళ్ల దయ మీద ఆమెను వదలొద్దు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అడిగితే దేవుడు వారి పక్షాన తీర్పు ఇచ్చాడు.

చివరగా కట్నం. తీసుకునే ఇంటి పెళ్లికి వెళ్లి దీవించి, పక్కింటి ఆడపిల్లకు పెళ్లి కాలేదని కన్నీటి ప్రార్థన చేస్తే ఆ ప్రార్థన ఎక్కడికి వెళుతుంది?

నా సహోదరీలారా

పెళ్లి కాని నా అక్కలారా, చెల్లెళ్లారా, మీకు ఒక మాట. మీరు సగం మనుషులు కారు. మీ బ్రతుకు ఎవరో వచ్చి మొదలుపెట్టాల్సినది కాదు. పెళ్లి కావాలని కోరుకుంటే సిగ్గుపడకుండా ప్రార్థించండి, హన్నా సిగ్గుపడలేదు. వద్దనుకుంటే అదీ ప్రభువుకే చెప్పండి. తల్లి బాధ చూసి భయపడినవారు ఆ భయాన్ని దాచుకోకుండా నమ్మదగిన పెద్దమ్మ ఒకరితో చెప్పుకోండి. ఒంటరితనం నొక్కేసిన రాత్రి తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఫోన్ చేయండి. పాస్టరమ్మ గారు ఉన్నారు, సంఘం ఉంది.

సంఘం లేదు, ఎవరూ రారు అని మీకు అనిపిస్తే అది మీ తప్పు కాదు. ఆ లెక్క మేము ప్రభువుకు అప్పగించాలి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, మా మధ్య ఒంటరిగా బ్రతుకుతున్న ప్రతి సహోదరి పేరు నీకు తెలుసు. వారి కన్నీళ్లు మేము చూడలేదు, నీవు చూశావు. మా నోటి మాటలకు కావలి ఉంచు. సిలువ దగ్గర యోహానుకు ఇచ్చినట్టు మాకూ ఆ బాధ్యత ఇవ్వు, దాన్ని మోసే మనసు కూడా ఇవ్వు. మా ఇండ్ల తలుపులు తెరిపించు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.